నాలుగు యుద్ధవిమానాలతో ఫాక్‌లాండ్స్‌ని కాపాడుకోగలరా?

అడిగిన ప్రశ్న ఇది: "అర్జెంటీనా ఎఫ్-16లు కొంటోంది. బ్రిటన్ నౌకాదళం ఏటేటా చిక్కిపోతోంది. ఫాక్‌లాండ్స్‌లో ఉన్నవి నాలుగే ఫైటర్లట. 1982లోలాగా మళ్ళీ దాడి జరిగితే బ్రిటన్ ఆ దీవుల్ని నిలబెట్టుకోగలదా?"

నిలబెట్టుకోగలదు. కానీ 1982లో అర్జెంటీనా ఆ దీవుల్ని ఆక్రమిస్తే బ్రిటన్ ఓడల్ని పంపి, యుద్ధం చేసి తిరిగి తెచ్చుకుంది. ఒకసారి చెయ్యిజారితే అలా వెళ్ళి తిరిగి తెచ్చుకోవడం ఇప్పుడు దాదాపు అయ్యే పని కాదు. అందుకే వాళ్ళ ఏర్పాటంతా పోగొట్టుకోకుండా ఉండటం మీదే కట్టారు. ఇది అర్థమైతే నాలుగు విమానాల లెక్క కూడా అర్థమవుతుంది.

నేనెవరో చెప్పాలి కదా. మాది భీమిలి దగ్గర ఒక ఊరు. నేవీలో స్టోర్స్ వైపు పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో కొంతకాలం ఐఎన్ఎస్ విరాట్ అనే విమానవాహక నౌక మీద గడిచింది. 1982లో ఫాక్‌లాండ్స్‌కి వెళ్ళిన బ్రిటిష్ దళానికి ముందు నడిచిన హెర్మిస్ ఆ ఓడే. 1987లో మన నేవీలోకి వచ్చి విరాట్ అయింది. అలా ఆ యుద్ధం మీద నాకు ఆసక్తి పుట్టింది, దొరికినదల్లా చదివాను. వ్యూహాలు రాసే స్థాయి నాది కాదు. తుపాకీ పేల్చిన దానికన్నా సామాన్లు లెక్కపెట్టిందే ఎక్కువ. కాబట్టి నా జవాబు స్టోర్స్ వాడి జవాబులాగే ఉంటుంది, ఏమనుకోకండి.

ముందు దూరాలు. ఫాక్‌లాండ్స్ దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్నాయి. అర్జెంటీనా తీరం నుంచి సుమారు 480 కిలోమీటర్లు, బ్రిటన్ నుంచి సుమారు 12,700 కిలోమీటర్లు. మధ్యలో బ్రిటన్‌కి కాలు మోపే చోటు ఒక్కటే, అసెన్షన్ దీవి. అదీ ఫాక్‌లాండ్స్‌కి 6,000 కిలోమీటర్లకు పైనే. జనాభా మూడున్నర వేల పైచిలుకు. గొర్రెలు మాత్రం లక్షల్లో. 1833 నుంచి బ్రిటన్ ఏలుబడిలో ఉన్నాయి. అర్జెంటీనా వాటిని మాల్వినాస్ అంటుంది, తమ నుంచి లాక్కున్నారంటుంది. ఎవరి వాదన సరైనదనే గొడవలోకి నేను వెళ్ళను, అడిగింది అది కాదు కాబట్టి.

1982 ఏప్రిల్ 2న ఆ దీవుల్ని కాపాడటానికి అక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసా? రాయల్ మెరైన్లు, కొందరు నేవీ వాళ్ళు కలిపి 70 మంది లోపు. అదీ పాత జట్టు దిగి కొత్త జట్టు ఎక్కే రోజులు కావడంతో రెండు జట్లూ ఉండబట్టి. మామూలు రోజుల్లో అందులో సగమే. వాళ్ళు కాక ఊళ్ళోని వాలంటీర్లు రెండు డజన్ల మంది. దాడి రాబోతోందని ముందురోజు మధ్యాహ్నం గవర్నర్ రెక్స్ హంట్‌కి కబురొచ్చింది. ఆ రాత్రి వాళ్ళు చేయగలిగినవి చూడండి: రన్‌వే మీద బండ్లు అడ్డం పెట్టారు, లైట్‌హౌస్ ఆర్పేశారు, తీరం వెంట సామాన్లు మోసే చిన్న ఓడని దాని రాడార్‌తో కాపలా పెట్టారు. తెల్లవారేసరికి గవర్నర్ ఇంటి చుట్టూ కాల్పులు, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో లొంగుబాటు. మెరైన్లని తప్పుపట్టడానికి లేదు. మర్నాడు దక్షిణ జార్జియా దీవిలో 22 మంది మెరైన్లు ఒక అర్జెంటీనా హెలికాప్టర్ని కూల్చి, భుజం మీద నుంచి పేల్చే రాకెట్లతో ఒక యుద్ధనౌకకి తూట్లు పొడిచాకే లొంగారు. మనుషుల్లో లోపం లేదు, ఉండాల్సినవి లేవు.

అసలు గమ్మత్తు అంతకు ముందు జరిగిన వాటిలో ఉంది. 1971 ఒప్పందం తర్వాత దీవులకి విమానాలు నడిపింది ఎవరు? అర్జెంటీనా వైమానిక దళానికి చెందిన లాడే సంస్థ. మొదటి తాత్కాలిక రన్‌వే వేసింది వాళ్ళే. ఇంధనం అమ్మింది అర్జెంటీనా ప్రభుత్వ చమురు కంపెనీయే. అంటే నీ ఇంటిమీద దావా వేసిన పొరుగువాడి దగ్గరే నీ ఇంటి తాళంచెవి, నీ వంటగ్యాస్. రన్‌వే పొడవు పెంచమని 1976లోనే బ్రిటిష్ ప్రభుత్వం పంపిన లార్డ్ షాకిల్టన్ నివేదిక ఇచ్చారు. డబ్బు దండగన్నారు, పక్కన పెట్టారు.

1981లో బ్రిటిష్ రక్షణమంత్రి జాన్ నాట్ ఖర్చులు కోస్తూ, ఆ సముద్రంలో తిరిగే ఒకే ఒక్క నేవీ ఓడ ఎండ్యూరెన్స్‌ని కూడా విరమించాలని నిర్ణయించారు. ఎర్రరంగు వేసిన మంచు ప్రాంతపు గస్తీ ఓడ. రెండు చిన్న ఫిరంగులు, రెండు హెలికాప్టర్లు, అంతే. ఏడాదికి మిగిలేది సుమారు 20 లక్షల పౌండ్లు. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టం దీవివాసుల్లో చాలామందిని పూర్తి బ్రిటిష్ పౌరులుగా లెక్కపెట్టకుండా వదిలేసింది. 1982 ఫిబ్రవరిలో ఇన్విన్సిబుల్ అనే విమానవాహక నౌకని ఆస్ట్రేలియాకి అమ్మడానికి ఒప్పుకున్నారు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి బ్యూనస్ ఎయిరీస్‌లో కూర్చున్న అర్జెంటీనా సైనిక ప్రభుత్వం చదువుకుంది. వీళ్ళకి ఆ దీవులు అక్కర్లేదని అర్థం చేసుకుంది. 20 లక్షలు మిగుల్చుకోబోయి వందల కోట్ల పౌండ్ల యుద్ధం నెత్తికి తెచ్చుకున్నారు.

అయిదేళ్ళు వెనక్కి వెళ్తే ఇంకో కథ ఉంది. 1977లో కూడా అర్జెంటీనా దాడి చేస్తుందేమోనని అనుమానం వచ్చింది. అప్పటి ప్రధాని కాలహాన్ ఒక అణు జలాంతర్గామిని, రెండు ఫ్రిగేట్లని పంపారు. దాడి జరగలేదు. అయితే అంతా రహస్యంగా పంపారు. కాబట్టి అది చూసే వాళ్ళు ఆగారా, అసలు వచ్చే ఉద్దేశమే లేదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నా అభిప్రాయం అడిగితే, ఎవరికీ తెలియని కాపలా కుక్క దొంగని కరవగలదేమో గానీ రాకుండా ఆపలేదు. సన్నద్ధతలో సగం బలం, సగం ఆ బలం అవతలివాడి కంటపడటం.

ఇక అర్జెంటీనా సంగతి. నాకు ఈ యుద్ధంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

దీవులు చేతికొచ్చిన రోజు నుంచి బ్రిటిష్ ఓడలు వచ్చేదాకా వాళ్ళకి దాదాపు నాలుగు వారాల టైముంది. దీవుల రాజధాని స్టాన్లీలో ఉన్న రన్‌వే పొడవు సుమారు 1,250 మీటర్లు. రవాణా విమానాలకి, చిన్నపాటి దాడి విమానాలకి సరిపోతుంది. స్కైహాక్, మిరాజ్, సూపర్ ఎటెండార్డ్ లాంటి జెట్లు బాంబులతో దిగి ఎగరడానికి చాలదు. దాన్ని పొడిగించి, ఆ జెట్లలో ఒక గుంపుని అక్కడ పెట్టి ఉంటే కథ మారిపోయేది. బ్రిటిష్ విమానవాహక నౌకలు దగ్గరికి రావడానికే జంకేవి. కానీ పొడిగించలేదు. బ్రిటన్ నిజంగా యుద్ధానికి వస్తుందని వాళ్ళు అనుకోలేదు. ఏప్రిల్ 12 నుంచి బ్రిటన్ దీవుల చుట్టూ సముద్రంలో నిషేధ మండలం పెట్టేసరికి, జలాంతర్గాముల భయానికి బరువైన సామాను ఓడల మీద పంపే ధైర్యం చాలలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అన్లేదు.

దాని ఫలితం ఏమైందంటే, వాళ్ళ జెట్లన్నీ రియో గయేగోస్, రియో గ్రాండే లాంటి ఖండంమీది స్థావరాల నుంచే రావాల్సొచ్చింది. ఒక్కో వైపు 700 కిలోమీటర్లు, ఆపైన. గాల్లో ఇంధనం ఇచ్చే విమానాలు మొత్తం దేశానికి రెండే. దీవుల మీదకి వచ్చాక చేతిలో మిగిలేది కొన్ని నిమిషాలు. చూసుకుని, గురిపెట్టి, వేసి, వెనక్కి తిరగాలి. బ్రిటిష్ ఫైటర్ సీ హారియర్ వెంటపడితే తప్పించుకోవడానికి మెలికలు తిరిగేంత ఇంధనం కూడా ఉండేది కాదు. ఆ పైలట్ల ధైర్యం గురించి బ్రిటిష్ వాళ్ళే మెచ్చుకుంటూ రాశారు. రాడార్‌కి దొరక్కుండా సముద్రాన్ని రాసుకుంటూ వచ్చి బాంబులు వేసేవారు. అంత కిందనుంచి వేస్తే ఫ్యూజు సిద్ధమయ్యే టైము ఉండదు కాబట్టి చాలా బాంబులు ఓడల్లో దిగబడి కూడా పేలలేదు. పేలి ఉంటే ఆ యుద్ధం ఫలితం ఎటు పోయేదో.

యుద్ధం అయిపోయాక కొద్ది నెలలకే బ్రిటిష్ వాళ్ళు అదే స్టాన్లీ రన్‌వేకి అల్యూమినియం పలకలు పరిచి పొడిగించి ఫాంటమ్ జెట్లు దింపారు. అది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. చేతకాని పని కాదన్నమాట.

ఇదే కోవలో ఇంకోటి. అర్జెంటీనా దగ్గర ఓడల్ని కొట్టడానికి గాల్లోంచి వేసే ఎగ్జోసెట్ క్షిపణులు అయిదే. ఫ్రాన్స్ మిగతావి ఆపేసింది. ఆ అయిదుతోనే షెఫీల్డ్ అనే డిస్ట్రాయర్ని, అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడని ముంచారు. పది వచ్చాక మొదలుపెట్టి ఉంటే? చలికాలం దాకా, బ్రిటన్ రెండు విమానవాహక నౌకల్లో ఇన్విన్సిబుల్ అమ్ముడుపోయి హెర్మిస్ మూలపడే దాకా ఆగి ఉంటే? ఆగలేదు. దక్షిణ జార్జియాలో మార్చి 19న తుక్కు ఏరుకునే అర్జెంటీనా కూలీలు తమ జెండా ఎగరేయడంతో గొడవ మొదలై, వేసుకున్న ముహూర్తం కన్నా ముందే దూకేశారు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను.

బ్రిటన్ వైపు మొదటి ఓడలు ఏప్రిల్ 5న పోర్ట్స్‌మత్ వదిలాయి, అంటే దాడి జరిగిన మూడు రోజులకి. అంత గబగబా ఎక్కించిన సామాను ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఓడకి సరుకు ఎక్కించేటప్పుడు మొదటి సూత్రం, ముందు దించాల్సింది చివర్న ఎక్కించాలి. జెట్టీ మీద లారీలు ఏ వరసలో వస్తే ఆ వరసలో ఎక్కిస్తే, ఒడ్డున దిగగానే కావాల్సిన మందుగుండు అడుగున, పైన నాలుగు నెలల టిన్నుల తిండి. కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఓడలో (పేరు వద్దు లెండి) ఇలాగే ఎక్కించాం. రెండో రోజు రాత్రి ఒక హెలికాప్టర్‌కి రబ్బరు సీల్ ఒకటి కావాల్సొచ్చింది. మన చేతి ఉంగరం కన్నా కాస్త పెద్దది. లెడ్జర్‌లో ఉంది. ఏ పెట్టెలో ఉందో కూడా తెలుసు. ఆ పెట్టె మీద బియ్యం బస్తాలు, వాటి మీద తాళ్ళ చుట్టలు, వాటి మీద ఇంకేవో. ఓడ ఊగుతుంటే నలుగురం ఆరు గంటలు మోసి తీశాం. ఆ ఆరు గంటలూ హెలికాప్టర్ హ్యాంగర్‌లో కూర్చుంది. కాగితం మీద మాత్రం ఆ రోజు అది 'సర్వీసబుల్'.

బ్రిటిష్ వాళ్ళకీ సరిగ్గా ఇదే జరిగింది, వెయ్యి రెట్లు పెద్దగా. అసెన్షన్ దీవి దగ్గర ఆగి, ఓడ నుంచి ఓడకి హెలికాప్టర్లతో, పడవలతో సామాను మార్చి మళ్ళీ సర్దుకోవాల్సొచ్చింది. ఆ దీవి లేకపోతే ఆ యుద్ధం లేదు. అక్కడి విమానాశ్రయం నడిపేది అమెరికా వాళ్ళు. ఇంధనమూ వాళ్ళదే. సీ హారియర్ల కొత్త సైడ్‌వైండర్ క్షిపణులూ అమెరికావే. మే 1న ఒక్క వల్కన్ బాంబర్ని స్టాన్లీ రన్‌వే మీదకి పంపడానికి అసెన్షన్ నుంచి పదకొండు ట్యాంకర్ విమానాలు లేచాయి, ఒకదానికొకటి ఇంధనం ఇచ్చుకుంటూ. ఇంతా చేస్తే 21 బాంబుల్లో రన్‌వే మీద పడింది ఒక్కటి. అర్జెంటీనా వాళ్ళు గుంత పూడ్చి, పైగా గుంతలున్నట్టు కనబడేలా మట్టి కుప్పలు పోసి, రాత్రిపూట హెర్క్యులిస్ రవాణా విమానాలు దింపుతూనే ఉన్నారు, చివరి రాత్రి దాకా.

వెళ్ళిన ఓడలు మొత్తం 127. అందులో నేవీవి 43, నేవీకి సరుకు మోసే సహాయక ఓడలు 22, మిగతా 62 మామూలు వ్యాపార ఓడలు. విహారయాత్రల క్వీన్ ఎలిజబెత్-2 కూడా సైనికుల్ని మోసింది. సగం యుద్ధం వ్యాపార ఓడల మీదే నడిచిందన్నమాట. వాటిలో ఒక్కటి పోతే ఏమవుతుందో మే 25న తెలిసింది. అట్లాంటిక్ కన్వేయర్ మునిగినప్పుడు దాంతోపాటు మూడు చినూక్ హెలికాప్టర్లు, ఆరు వెసెక్స్‌లు, వేల మందికి సరిపడా గుడారాలు పోయాయి. నాలుగో చినూక్ ఆ టైముకి గాల్లో ఉండబట్టి బతికింది. హెలికాప్టర్లలో వెళ్ళాల్సిన సైనికులు, తాము ఒడ్డున దిగిన శాన్ కార్లోస్ నుంచి స్టాన్లీ వైపు తడినేల మీద, చలిలో, వీపున బరువులతో 90 కిలోమీటర్ల దూరం నడిచారు. గెలిచారు కాబట్టి ఇప్పుడది వీరగాథ. స్టోర్స్ వాడిగా నాకు మాత్రం ఒక్క ఓడలో అన్నీ పెట్టిన తప్పే కనిపిస్తుంది.

అర్జెంటీనా వైపు ఇంకా ఘోరం. జూన్ 14న లొంగిపోయాక స్టాన్లీలో కంటైనర్ల కొద్దీ తిండి దొరికింది. కొద్ది కిలోమీటర్ల దూరంలో కొండలమీద కందకాల్లో వాళ్ళ కుర్రాళ్ళు ఆకలితో, తడి బూట్లతో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది నిర్బంధ సైనిక సేవలో చేరిన పిల్లలు. సరుకు లేక కాదు, కొండ ఎక్కించే ఏర్పాటు లేక. అదే రోజుల్లో బ్రిటిష్ ఫిరంగుల దగ్గరా గుళ్ళు అడుగంటాయి. ఇంకో వారం సాగితే ఎవరు ముందు చేతులెత్తేవారో. 74 రోజుల్లో అర్జెంటీనా వాళ్ళు 649 మంది, బ్రిటిష్ వాళ్ళు 255 మంది, దీవివాసులు ముగ్గురు చనిపోయారు. అర్జెంటీనా మృతుల్లో సగం, 323 మంది, జనరల్ బెల్‌గ్రానో అనే ఒక్క ఓడ మీద వాళ్ళే. అది మునిగాక వాళ్ళ పెద్ద యుద్ధనౌకలన్నీ తీరానికి వెళ్ళిపోయి మళ్ళీ యుద్ధానికి రాలేదు. అంతకు కొద్దిగా ముందు వాళ్ళ విమానవాహక నౌక మీద జెట్లు బాంబులతో సిద్ధంగా ఉండి కూడా, గాలి చాలక ఎగరలేకపోయాయి. జెట్లని ముందుకి విసిరే కాటపుల్ట్ యంత్రం ఉన్న ఓడకి ఎదురుగాలి కావాలి. హెర్మిస్ ముందుభాగంలో పైకి వంగిన ర్యాంప్ ఉండటంతో సీ హారియర్లకి ఆ బాధ తక్కువ. ఆ ర్యాంప్ కొసన నిలబడి కిందకి సముద్రాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొచ్చేది.

సరే, ఇప్పటి పరిస్థితి.

1982 నుంచి బ్రిటన్ నేర్చుకున్న పాఠం ఒక్క మాటలో చెప్పాలంటే రన్‌వే. స్టాన్లీకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మౌంట్ ప్లెజెంట్ అనే స్థావరం కట్టి 1985 మేలో తెరిచారు. రన్‌వే పొడవు సుమారు 2,590 మీటర్లు, ఎంత పెద్ద విమానమైనా దిగుతుంది. పక్కనే మేర్ హార్బర్ అనే రేవు. కొండల మీద మూడు చోట్ల రాడార్లు. బరాకులు, మెస్‌లు, షాపులు అన్నిటినీ కలుపుతూ దాదాపు 800 మీటర్ల పొడవున్న ఒకే కారిడార్ ఉంటుంది, బయట గాలికి తట్టుకోలేక. సైనికులు, సిబ్బంది కలిపి వెయ్యి మందికి పైన. ఒక పదాతి కంపెనీ వంతులవారీగా మారుతుంటుంది. స్కై సేబర్ అనే కొత్త విమాన విధ్వంసక క్షిపణి వ్యవస్థ పాత రేపియర్ స్థానంలోకి వచ్చింది. ఒక గస్తీ నౌక. ఇవి కాక దీవివాసుల సొంత వాలంటీర్ దళం.

మీరడిగిన ఆ నాలుగు ఫైటర్లు టైఫూన్లు, 2009 నుంచి ఉన్నాయి. వాటికి ఫెయిత్, హోప్, చారిటీ, డెస్పరేషన్ అని పేర్లు. మొదటి మూడూ రెండో ప్రపంచయుద్ధంలో మాల్టా దీవిని కాచిన పాత గ్లాడియేటర్ విమానాల పేర్లు. నాలుగోదానికి నిరాశ, తెగింపు అని పేరు పెట్టినవాడికి మంచి హాస్యం ఉంది.

నాలుగు చాలా? దీవుల్ని ఏళ్ళ తరబడి యుద్ధంలో కాపాడటానికి చాలవు. కానీ వాటి పని అది కాదు. రన్‌వేని రెండు మూడు రోజులు పట్టుకుని ఉంచితే చాలు. ఈలోగా బ్రిటన్ నుంచి ట్యాంకర్లు, ఇంకో డజను టైఫూన్లు, సైనికులతో రవాణా విమానాలు వచ్చి దిగుతాయి. 1982లో ఓడల్లో నెలన్నర పట్టిన పని. అందుకే ఎదుటివాడు నాలుగు విమానాల్ని చూడడు, వాటి వెనక తెరిచి ఉన్న తలుపుని చూస్తాడు. మామూలు రోజుల్లో ఏదో ఒక బ్రిటిష్ అణు జలాంతర్గామి ఆ దరిదాపుల్లో ఉందా లేదా అన్నది వాళ్ళు చెప్పరు. చెప్పకపోవడమే దాని పని. 1977కీ ఇప్పటికీ తేడా ఏంటంటే, ఇప్పుడు కంటికి కనిపించే బలం కూడా పక్కనే ఉంది.

ఎఫ్-16ల సంగతి అడిగారు. 2024లో డెన్మార్క్ వాడిన 24 విమానాలు కొనడానికి అర్జెంటీనా ఒప్పందం చేసుకుంది. 2015లో మిరాజ్‌లు మూలపడ్డాక, ఆ ఒప్పందం నాటికి వాళ్ళకి ధ్వని వేగం దాటే ఫైటరే లేదు. కాబట్టి ఏ దేశమైనా కొనుక్కోవాల్సిన వస్తువే అది, దీవుల కోసమే అనుకోనక్కర్లేదు. దీవుల మీదకి వాడాలంటే పాత సమస్యే మళ్ళీ ఎదురవుతుంది, ఇంధనం. ఎఫ్-16కి గాల్లో ఇంధనం పట్టాలంటే ట్యాంకర్ నుంచి గట్టి గొట్టం వచ్చి వీపులో దిగాలి. అర్జెంటీనా దగ్గరున్న హెర్క్యులిస్ ట్యాంకర్లు వెనక పైపు వేలాడదీసి, చివర బుట్ట పెట్టి ఇచ్చే రకం. రెండూ కలవవు. మన ఇంటి గ్యాస్ రెగ్యులేటర్ వేరే కంపెనీ సిలిండర్‌కి పట్టనట్టు. కొత్త ట్యాంకర్లు కొంటే వేరే మాట.

అంతకన్నా పెద్ద లోటు సముద్రం మీద. దీవిని పట్టుకోవాలంటే సైనికుల్ని దింపే ఓడలు కావాలి, వాటికి కాపలా కావాలి. 2017 నవంబరులో శాన్ హువాన్ జలాంతర్గామి 44 మందితో మునిగిపోయాక అర్జెంటీనా జలాంతర్గామి దళం అనేది పేరుకే మిగిలింది. పైగా వాళ్ళు ఏ ఆయుధం కొనబోయినా అందులో బ్రిటిష్ భాగం ఉంటే బ్రిటన్ అడ్డుపడుతూ వచ్చింది. ఫ్రాన్స్ నుంచి 2019లో తెచ్చుకున్న అయిదు సూపర్ ఎటెండార్డ్‌లు పైలట్ సీటుని బయటికి ఎగరేసే తూటాల్లాంటి భాగాలు దొరక్క నేలమీదే ఉండిపోయాయి. ఆ సీట్లు బ్రిటిష్ కంపెనీవి. చూశారా, మళ్ళీ స్టోర్స్ దగ్గరికే వచ్చాం.

మరి బ్రిటన్‌కి బలహీనత లేదా అంటే ఉంది, అది దీవుల్లో కాదు, దారిలో ఉంది.

2017లో అసెన్షన్ రన్‌వే పాడై పెద్ద విమానాలకి మూసేశారు. బాగుచేసి తెరవడానికి 2023 దాకా పట్టింది. ఆ అయిదారేళ్ళూ బ్రిటన్ నుంచి వచ్చే విమానాలు ఆఫ్రికా పడమటి తీరంలో పరాయి దేశాల్లో ఆగి ఇంధనం పోసుకుని వెళ్ళాయి. శాంతికాలంలో ఎవరూ అడ్డుచెప్పరు. యుద్ధమొస్తే అదే దేశం 'మేం తటస్థం' అంటే? ఈ వార్త అప్పట్లో ఎక్కడో లోపలి పేజీలో వచ్చింది. ఎఫ్-16లకి వచ్చిన హడావిడిలో పదో వంతు కూడా దీనికి రాలేదు. నన్నడిగితే ఫాక్‌లాండ్స్ రక్షణలో ఆ నలభై ఏళ్ళలో పడిన అతి పెద్ద చిల్లు అదే. మౌంట్ ప్లెజెంట్‌లోనూ ఉన్నది ఒక్క పెద్ద రన్‌వే. ఉత్తరపు గాలి కొండల మీంచి సుడులు తిరుగుతూ దిగిన రోజుల్లో అక్కడ దిగడం ప్రమాదమని విమానాలు ఆపేస్తారు. సముద్రం వైపు నుంచి వచ్చే చిన్న దళమో, డ్రోన్ల గుంపో ఆ రన్‌వేని, ఇంధనం ట్యాంకుల్ని దెబ్బతీస్తే, తెరిచి ఉన్న తలుపు అని ఇందాక అన్నానే, అది మూసుకుంటుంది.

అప్పుడు 1982 మళ్ళీ చేయాలి. చేయలేరు. అప్పట్లో రాయల్ నేవీకి డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు కలిపి 60కి దగ్గరగా ఉండేవి. ఇప్పుడు 15 లోపు, అందులో కొన్ని ఎప్పుడూ రిపేరులోనే. సైనికుల్ని ఒడ్డుకి దింపే ఆల్బియాన్, బుల్‌వార్క్ ఓడల్ని ముందుగానే విరమిస్తున్నామని 2024 నవంబరులో చెప్పారు. సరుకు మోసే సహాయక ఓడలకి నావికులే చాలడం లేదు. అప్పట్లో రాత్రికి రాత్రి పిలిపించుకున్న బ్రిటిష్ జెండా వ్యాపార ఓడలు కూడా ఇప్పుడు అన్ని లేవు. రెండు పెద్ద విమానవాహక నౌకలు, వాటి మీద ఎఫ్-35 ఫైటర్లు ఉన్నాయి, నిజమే. హెర్మిస్ కన్నా రెండింతలు పెద్దవి. కానీ విమానవాహక నౌక ఒంటరిగా వెళ్ళదు. దాని వెంట కాపలా ఓడలు, ఇంధనం ఓడలు, మందుగుండు ఓడలు, వాటిని నడిపే మనుషులు కావాలి.

కింద కామెంట్లలో ఒకరు, ఇంతకీ మూడున్నర వేల మంది కోసం ఇంత ఖర్చెందుకు, ఇచ్చేయొచ్చుగా అన్నారు. 2013 మార్చిలో అక్కడ ఓటింగు పెట్టారు. 92 శాతం మంది ఓటేశారు. బ్రిటన్‌తో ఉంటామని 1,513 మంది, వద్దని ముగ్గురు. ఆ లెక్క తర్వాత ఏ బ్రిటిష్ ప్రధానికీ ఆ మాట నోటితో అనే దారి లేదు. అర్జెంటీనా రాజ్యాంగంలోనూ 1994 నుంచి ఆ దీవులు తమవేనని రాసి ఉంది. అంతర్జాతీయ చట్ట సూత్రాల ప్రకారమే తెచ్చుకుంటామని కూడా రాసుంది.

ఇంకొకరు మన అండమాన్‌తో పోల్చమన్నారు. అండమాన్ మీద ఎవరికీ దావా లేదు, కాబట్టి సూటిగా పోలిక కుదరదు. అయితే విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులు కాబట్టి సామాను లెక్క అదే. 2001లో మూడు దళాల్నీ కలిపి అక్కడ ఒకే కమాండ్ పెట్టడం, 2012లో దక్షిణం కొసన క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్ తెరవడం చూస్తే మనవాళ్ళు కూడా రన్‌వే పాఠం చదివారనే అనిపిస్తుంది.

చివరగా, విరాట్ ఏమైందని అడిగారు. 2017 మార్చి 6న సేవ నుంచి తప్పించారు. దాన్ని మన విశాఖ తెచ్చి మ్యూజియంగా పెడదామని 2016 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది కదా, దాని పక్కన అదీ ఉంటే మా ఊళ్ళో పిల్లల్ని తీసుకెళ్ళి నేను కూర్చున్న స్టోర్ రూం చూపిద్దామనుకున్నాను. ఖర్చు లెక్కలు తేలలేదు. 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలాంగ్ ఒడ్డుకి లాక్కెళ్ళి తుక్కు కింద విప్పేశారు.